గొప్ప సూపర్‌కార్ ఏది? టాప్ స్పీడ్ పక్కన పెట్టి మాట్లాడుకుందాం

#1 గేర్‌లీవర్

ఇలాంటి చర్చ ఎక్కడ మొదలైనా చివరికి టాప్ స్పీడ్ దగ్గరికే చేరుతుంది. 1998లో మెక్‌లారెన్ ఎఫ్1 గంటకు 386 కి.మీ. అందుకుంది. 2005లో బుగాటి వేరాన్ 400 దాటింది. 2017లో కోనిగ్‌సెగ్ అగేరా ఆర్‌ఎస్ రానూపోనూ సగటున 447 సాధించింది. అంతమాత్రాన పాత కార్లు చిన్నవైపోలేదు.

అందుకే ఇక్కడ మూడు ప్రశ్నలతో కొలుద్దాం. ఆ కారు తయారుచేసినవాళ్లు ఏ ఒక్క నిర్ణయం మీద మొత్తం పందెం కాశారు? ఆ నిర్ణయం తర్వాతి కార్లలో నిలబడిందా? దానివల్ల కారు యజమానికి వచ్చిపడిన తలనొప్పి ఏమిటి? నా ఉద్దేశంలో మూడోది చాలా ముఖ్యం. గొప్ప కార్లను విప్పి చూస్తే, గొప్పతనం ఎక్కడుందో రోగం కూడా అక్కడే కనిపిస్తుంది.

మొదటి పేరు లంబోర్గినీ మియూరా. 1965 టురిన్ ప్రదర్శనలో బాడీ లేకుండా ఉత్త ఛాసిస్ (కారు అడుగు చట్రం) నిలబెట్టారు. 1966లో జెనీవాకు డిజైనర్ గాండీనీ గీసిన బాడీతో వచ్చింది. 3929 సీసీ వి12 ఇంజిన్‌ను సీట్ల వెనక అడ్డంగా పెట్టడమే ఇందులో అసలు సాహసం. అంతకుముందు ఇలా సీట్ల వెనక పెట్టే మిడ్ ఇంజిన్ అంటే రేసు కార్ల సంగతి. రోడ్డు మీద తిరిగే పెద్ద కారుకు అది పనికొస్తుందని నమ్మించింది మియూరానే. ఇక మీరు చెప్పండి.

#2 ఆయిల్‌స్టిక్

మియూరాతో మొదలుపెట్టారు కాబట్టి దాని రోగం కూడా చెప్పేస్తాను. పన్నెండు సిలిండర్ల ఇంజిన్ అడ్డంగా పెడితే గేర్‌బాక్స్‌కు చోటుండదు. అందుకని ఇంజిన్ బ్లాకు, గేర్‌బాక్స్ ఒకే పోతలో పోశారు. రెండింటికీ ఒకటే ఆయిల్. గేర్ల దగ్గర అరిగిన ఉక్కు పొడి అదే ఆయిల్‌లో తిరిగి క్రాంక్ బేరింగుల దాకా వెళ్తుంది. పైగా ఇంజిన్‌కు కావలసిన ఆయిల్ వేరు, గేర్లకు కావలసింది వేరు. ఈ ఆయిల్ అటు పూర్తిగా పనికిరాదు, ఇటు పూర్తిగా పనికిరాదు. చివరి దశ ఎస్‌వీ కార్లలో సంప్ (కింద ఆయిల్ నిలిచే తొట్టి) రెండుగా విడదీశారు. అందుకే వాటి కోసం కొనేవాళ్లు అంతగా ఎగబడతారు.

ఒకే సంప్ ఉన్న కారు చూస్తుంటే ఆయిల్ తీయించి డ్రెయిన్ ప్లగ్ చూడండి. అయస్కాంతానికి మెత్తని బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంటే మామూలు అరుగుదలే. చేతికి గుచ్చుకునే తునకలు దొరికితే గేర్ పళ్లు పోతున్నాయని లెక్క. అయస్కాంతానికి అంటుకోకుండా ఆయిల్‌లో తేలుతూ మెరిసే రేకులు కనిపిస్తే అది బేరింగ్ పూత. అప్పుడు ఇంజిన్ విప్పకుండా ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు.

రెండోది మంట. మూడు గొంతుల వెబర్ కార్బొరేటర్లు నాలుగు, నేరుగా ఇంజిన్ నెత్తిమీద కూర్చుంటాయి. ట్రాఫిక్‌లో ఐడిల్ మీద ఎక్కువసేపు నిలబడితే పెట్రోల్ పైన చేరుతుంది. ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే వెనక్కి కొట్టి అంటుకుంటుంది. మియూరాలు చాలానే ఇలా కాలిపోయాయి. చూడాల్సినవి ఇవి: ఫ్లోట్ ఎత్తు, నీడిల్ వాల్వులు, పంప్ ప్రెషర్. వెబర్‌కు 0.2 నుంచి 0.25 బార్ చాలు. అంతకు మించితే నీడిల్ ఆపలేదు, పొంగుతుంది. పాత రబ్బరు పైపులు ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు ఉబ్బి పగులుతాయి. అన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చాలి, క్లిప్పులు కూడా కొత్తవి వేయాలి. పాత క్లిప్ కొత్త పైపును కోసేస్తుంది.

#3 శారద_వి12

ఇంకో సంగతి. మియూరా పెట్రోల్ ట్యాంక్ ముందుంటుంది. ట్యాంక్ ఖాళీ అవుతున్నకొద్దీ ముందు బరువు తగ్గి, వేగంలో ముక్కు పైకి లేస్తుంది. దాని ఏరోడైనమిక్స్ గొప్పగా ఉందని ఎవరూ అనరు. అందంలో మాత్రం దానికి సాటి లేదు, అది ఒప్పుకుంటాను.

కానీ ఈ వరసలో మొదటి పేరు మియూరా కాదు, 1954 మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్. పెట్రోల్ ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్‌లో సిలిండర్ లోపలికే నేరుగా ఇంజెక్షన్ ఇచ్చిన మొదటి ఉత్పత్తి కారు అదే. ఇప్పుడు వీధిలో తిరిగే మామూలు కార్లలో కూడా ఆ పద్ధతి ఉంది. తలుపులు పైకి తెరుచుకోవడం కూడా షోకు కోసం కాదు. సన్నని పైపులతో అల్లిన ఫ్రేమ్‌కు పక్కల బలం కావాలి. దాంతో గడప ఎత్తైపోయింది, మామూలు తలుపు పెట్టే వీలు లేకుండా పోయింది. కూపేలు 1400 చేశారు.

రోగం ఆ ఇంజెక్షన్‌లోనే ఉంది. పంప్ మెకానికల్. ఇగ్నిషన్ ఆపాక ఇంజిన్ పూర్తిగా ఆగేదాకా పెట్రోల్ కొడుతూనే ఉంటుంది. మండని పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి సంప్‌లోకి దిగుతుంది. డ్రై సంప్ (ఆయిల్‌ను వేరే ట్యాంకులో ఉంచే పద్ధతి) కాబట్టి ఆయిల్ పది లీటర్ల దాకా ఉంటుంది, పెద్ద కూలర్ కూడా ఉంది. చిన్న చిన్న ప్రయాణాలకు ఆయిల్ వేడెక్కదు, కలిసిన పెట్రోల్ ఆవిరి కాదు. అందుకే వెయ్యి మైళ్లకు, అంటే 1600 కి.మీ.కు ఆయిల్ మార్చాలని చెప్పేవారు. చలికాలంలో కూలర్‌కు గాలి తగలకుండా అడ్డం పెట్టడం కూడా పాత పద్ధతే, అది తప్పు కాదు. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన కొట్టినా, ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగినా వెంటనే మార్చేయాలి.

వెనక స్వింగ్ యాక్సిల్ (చక్రంతోపాటు పైకీ కిందికీ ఊగే ఇరుసు) గురించి ఒక్క మాట. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలితే వెనక చక్రాలు లోపలికి ముడుచుకుని కారు తిరిగిపోతుంది. మలుపులోకి దిగకముందే వేగం తగ్గించుకోవాలి.

#4 టర్బో రావు

ఎఫ్40 ఎవరూ ఎత్తలేదేం? 1987లో ఫెరారీ నలభయ్యో ఏట వచ్చింది, ఎంజో ఫెరారీ బతికుండగా ఆమోదించిన ఆఖరి కారు. 2936 సీసీ వి8, రెండు ఐహెచ్ఐ టర్బోలు, 1.1 బార్ బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి తోసే అదనపు గాలి ఒత్తిడి), 478 హార్స్‌పవర్. మొదట 400 చేద్దామనుకుని 1300 పైచిలుకు చేశారు.

దాని పందెం బరువు మీద. కార్పెట్ లేదు, లోపలి తలుపు హ్యాండిల్ బదులు ఒక తాడు. ఏబీఎస్, పవర్ స్టీరింగ్ మాట అటుంచి పెడల్‌ను తేలిక చేసే బ్రేక్ సర్వో కూడా లేదు. ఉక్కు పైపుల ఫ్రేమ్‌కు కార్బన్, కెవ్లార్ ప్యానెళ్లు అంటించారు. కంపెనీ చెప్పిన పొడి బరువు 1100 కిలోలు.

నడపడంలో తెలుసుకోవాల్సింది బూస్ట్ స్వభావం. 3500 ఆర్‌పీఎం లోపు మామూలు వి8లాగే ఉంటుంది. ఆ తర్వాత ఉన్న బలమంతా ఒక్కసారి దిగుతుంది. వెనక 335/35 టైర్లు చల్లగా ఉన్నప్పుడు, అందులోనూ తడి రోడ్డు మీద, ఆ క్షణంలో స్టీరింగ్ నేరుగా లేకపోతే పట్టు పోతుంది. ఒళ్లు దగ్గర పెట్టుకుని నడపాలి. ఆపేముందు ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి. లేకపోతే ఎర్రగా కాలిన టర్బో బేరింగ్ దగ్గర ఆయిల్ ఆగిపోయి బొగ్గు కడుతుంది.

#5 గేర్‌లీవర్

రావు గారూ, ఎఫ్40 కొనేవాళ్లు ముందు ఎక్కడ చూడాలి?

#6 టర్బో రావు

మూడు చోట్ల.

పెట్రోల్ ట్యాంకులు. రేసు కార్లలోలా రెండు పక్కలా రబ్బరు సంచులు, లోపల ఫోమ్. ఈ సంచులకు వయసు ఉంటుంది, కిలోమీటర్లతో పని లేదు. పదేళ్లకు అటూ ఇటూగా మార్చాల్సిందే. రబ్బరు ఎండి చెమర్చడం మొదలైతే ముందు క్యాబిన్‌లో వాసన వస్తుంది. ఫోమ్ పొడి అయితే ఫిల్టర్ మూసుకుపోయి అధిక వేగంలో పెట్రోల్ అందదు. బూస్ట్ ఉండి పెట్రోల్ తగ్గితే పిస్టన్ కాలిపోతుంది. సంచులు మార్చిన తేదీ బిల్లులో లేకపోతే మార్చలేదనే అనుకోండి.

రంగు. బరువు కోసం పెయింట్ పల్చగా కొట్టారు. చాలా కార్లలో వెలుతురు పక్కనుంచి పడితే కింద కార్బన్ నేత కనిపిస్తుంది. పెయింట్ మందంగా, నున్నగా, కొత్త కారులా మెరిసిపోతుంటే సంతోషించకండి. ఎప్పుడో తిరిగి కొట్టించారు. ఎందుకు కొట్టించారో తెలుసుకోవాలి.

ఫ్రేమ్. ముందు, వెనక మూతలు తీయించి పైపుల అతుకులు చూడాలి. అసలు వెల్డింగ్ ఒకే తీరుగా ఉంటుంది, బాగుచేసింది తేడాగా తెలిసిపోతుంది.

#7 పాతటైరు

లంబోర్గినీ కౌంటాచ్ లేకుండా ఈ జాబితా ఏమిటి?

#8 శారద_వి12

కౌంటాచ్‌ను గోడమీది పోస్టర్‌గా చూసి వదిలేస్తారు గానీ, దాని లోపలి అమరిక బయటి రూపం కంటే తెలివైనది. మియూరాలో అడ్డం పెట్టిన ఇంజిన్‌తో వచ్చిన చిక్కులన్నీ లంబోర్గినీ ఇంజినీరు స్టాంజానీ ఒక్క ఆలోచనతో విప్పేశాడు. ఇంజిన్‌ను నిలువుగా తిప్పి, గేర్‌బాక్స్‌ను దాని ముందు, రెండు సీట్ల మధ్యకు తెచ్చాడు. అక్కడినుంచి ఒక షాఫ్ట్ సంప్ లోపలినుంచి వెనక్కి వెళ్లి డిఫరెన్షియల్‌ను తిప్పుతుంది. దాంతో బరువంతా చక్రాల మధ్యకు చేరింది. గేర్ లీవర్ నేరుగా గేర్‌బాక్స్‌లోకే దిగుతుంది. మిడ్ ఇంజిన్ కార్లలో పొడవాటి రాడ్లతో గేర్ దొరక్క పడే అవస్థ దీనికి లేదు. తర్వాత డయాబ్లో, ముర్సియేలాగో దాకా అదే అమరిక నడిచింది.

1971 ప్రదర్శన కారులో గాలి లోపలికి వెళ్లే దారి చాలలేదు. ఇంజిన్ ఊరికే వేడెక్కేది. 1974 ఎల్‌పీ400లో పక్కల కనిపించే ఆ పెద్ద గాలి డబ్బాలు, తలుపుల మీది నాకా డక్టులు (గాలిని లోపలికి తీసుకునే గుంటలు) ఆ తిప్పలతో పుట్టినవే. 1985 క్వాత్రోవాల్వోలేలో 5167 సీసీ ఇంజిన్‌కు కార్బొరేటర్లు నెత్తిమీదికి మార్చారు. మూత ఉబ్బి వెనక అద్దంలోంచి అసలేమీ కనపడకుండా పోయింది. అందుకే వెనక్కి తీసేటప్పుడు తలుపు పైకెత్తి, గడప మీద కూర్చుని, మెడ తిప్పి చూస్తూ నడుపుతారు. వెనక పెట్టే రెక్క సంగతి కూడా చెప్పాలి. అది పెడితే టాప్ స్పీడ్ తగ్గుతుంది. అందం కోసం పెట్టించుకున్నవాళ్లే ఎక్కువ.

మూల్యం: క్లచ్ ఇంజిన్‌కు, గేర్‌బాక్స్‌కు మధ్య కారు నడిబొడ్డున ఉంటుంది. మార్చాలంటే ఇంజిన్ బయటికి తీయాల్సిందే. కాబట్టి ఏ పనికైనా ఇంజిన్ దించితే క్లచ్, రిలీజ్ బేరింగ్, వెనక ఆయిల్ సీలు, చేతికందని నీళ్ల పైపులు అప్పుడే మార్చేయాలి. మళ్లీ దించే ఖర్చుతో పోలిస్తే ఆ భాగాల ఖర్చు లెక్కలోకి రాదు.

#9 బాక్సర్6

పోర్షే 959 గురించి క్లుప్తంగా. 1986, 2849 సీసీ ఫ్లాట్ సిక్స్ (అటు మూడు, ఇటు మూడు పడుకోబెట్టిన సిలిండర్లు), 450 హార్స్‌పవర్, ఆరు గేర్లు, 317 కి.మీ. సిలిండర్లకు గాలి, హెడ్లకు నీళ్లు. టర్బోలు రెండూ ఒకేసారి కాకుండా వరసగా పనిచేస్తాయి. కింది ఆర్‌పీఎంలో ఎగ్జాస్ట్ మొత్తం ఒక్కదానికే వెళ్తుంది, పైకి వెళ్లాక రెండోది కలుస్తుంది. ఎఫ్40లో బూస్ట్ ఒక్కసారి విరుచుకుపడుతుందని రావు గారు చెప్పారు కదా, 959లో ఆ బాధ చాలా తక్కువ.

ముందు, వెనక చక్రాలకు బలం ఎంతెంత పోవాలో ఎలక్ట్రానిక్స్ నిర్ణయించే ఫోర్‌వీల్ డ్రైవ్, ఎత్తు మార్చుకునే సస్పెన్షన్, బోలు స్పోకుల మెగ్నీషియం చక్రాలు, వాటిలో గాలి ఒత్తిడి సెన్సార్లు, అన్నీ 1986లోనే. ఆ ఏడాది పారిస్-డాకర్ ర్యాలీ కూడా గెలిచింది. ఇవాళ్టి సూపర్‌కార్‌కు అసలు తాత ఇదే. రోగం సహజంగానే ఆ హైడ్రాలిక్స్‌లో, టర్బోలను మార్చే వాల్వుల్లో ఉంటుంది. రెండో టర్బో కలిసే చోట కారు తటపటాయిస్తే ముందు వ్యాక్యూమ్ పైపులు చూడాలి, ఆ తర్వాతే వాల్వులు, ఆ తర్వాతే టర్బో. చాలామంది ఈ వరస తలకిందులుగా మొదలుపెడతారు.

#10 కార్బన్‌గూడు

నా ఓటు మెక్‌లారెన్ ఎఫ్1కే. దాని రూపకర్త గోర్డన్ ముర్రే ఒక కారులో ఏమేం వద్దో ముందు రాసుకుని, మిగిలినదాన్ని పరిపూర్ణంగా చేశాడు. టర్బో లేదు, పవర్ స్టీరింగ్ లేదు, ఏబీఎస్ లేదు, ట్రాక్షన్ కంట్రోల్ లేదు. బీఎండబ్ల్యూలో పాల్ రోషే చేసిన 6064 సీసీ వి12, 627 హార్స్‌పవర్. పొడి బరువు 1138 కిలోలు. డ్రైవర్ నట్టనడుమ కూర్చుంటాడు, చెరో పక్క కాస్త వెనగ్గా ఇద్దరు. పెడళ్లు వంకరగా ఉండవు, రెండు వైపులా సమానంగా కనిపిస్తుంది. ఇంజిన్ గదికి బంగారు రేకు వేయడం డాబు కోసం కాదు, వేడిని వెనక్కి కొట్టడంలో బంగారానికి మించింది లేదు కాబట్టి.

అన్నీ కలిపి 106 చేశారు, వాటిలో మామూలు రోడ్డు కార్లు 64. రోడ్డు కారుగా పుట్టి 1995లో లె మాన్ 24 గంటల రేసు గెలిచింది. 1998లో 386 కి.మీ. తీసినప్పుడు కూడా మార్చింది రెవ్ లిమిటర్ మాత్రమే, 7500 నుంచి 8300కు.

పెట్రోల్ సంచి ఇందులోనూ ఉంది. ఐదేళ్లకోసారి మార్చాలి, దానికి ఇంజిన్ దించాలి. అందుకే యజమానులు పెద్ద సర్వీసును ఆ ఐదేళ్ల లెక్కతో కలిపేస్తారు. ఎలక్ట్రానిక్స్‌తో మాట్లాడటానికి తొంభైల నాటి ఒక కాంపాక్ ల్యాప్‌టాప్ వాడేవారు. కొత్త యంత్రాలు పనికిరాక, ఏళ్ల తరబడి ఆ పాత ల్యాప్‌టాప్‌లనే కాపాడుకుంటూ వచ్చారు. బ్రేకులకు సర్వో లేదు కాబట్టి డిస్కులు, ప్యాడ్లు వేడెక్కేదాకా పెడల్ రాయిలా ఉంటుంది. మొదటి కొన్ని కిలోమీటర్లు ముందు వాహనానికి రెట్టింపు దూరం వదలాలి.

#11 పాతటైరు

ఎఫ్1 గొప్పే. కానీ "కార్బన్ గూడుతో వచ్చిన మొదటి రోడ్డు కారు" అని ప్రతిచోటా రాసేస్తారు, అది నిలబడదు. 1990లో బయటపెట్టిన జాగ్వార్‌స్పోర్ట్ ఎక్స్‌జేఆర్-15కు కార్బన్ మోనోకాక్ (ఒకే ముక్కగా చేసిన గూడు) ఉంది. రేసు కారునుంచి దించింది, యాభై పైచిలుకు చేశారు. దాని బాడీ గీసింది కూడా ఎఫ్1 గీసిన పీటర్ స్టీవెన్సే. 1991లో వచ్చిన బుగాటి ఈబీ110కు కార్బన్ గూడు చేసింది విమానాల కంపెనీ ఏరోస్పాసియాల్. 3.5 లీటర్ల వి12, సిలిండర్‌కు ఐదు వాల్వుల లెక్కన 60, నాలుగు టర్బోలు, నాలుగు చక్రాలకూ డ్రైవ్. 1995లో కంపెనీ దివాలా తీయడంతో జనం మర్చిపోయారు. వేరాన్‌లో పొగిడే నాలుగు టర్బోలు, ఫోర్‌వీల్ డ్రైవ్ పద్నాలుగేళ్ల ముందే ఇందులో ఉన్నాయి.

#12 కార్బన్‌గూడు

తేదీల లెక్కలో మీ మాట సరైనదే. ఎక్స్‌జేఆర్-15 రేసు కారుకు నంబర్ ప్లేటు తగిలించినట్టు ఉంటుంది. సామాన్లు, ఏసీ, ముగ్గురు మనుషులతో రోజూ వాడుకునేలా మొదటినుంచీ కార్బన్‌తో ఆలోచించింది ఎఫ్1. గొప్పతనాన్ని నేను అక్కడ చూస్తున్నాను. ఈబీ110 మాత్రం జాబితాలో ఉండాల్సిందే.

#13 ఆయిల్‌స్టిక్

గోర్డన్ ముర్రే పేరు వచ్చింది కాబట్టి హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ చెప్పకుండా ఉండలేను. ఎఫ్1 చేసేటప్పుడు నడకకు, సౌకర్యానికి ఆయన కొలబద్దగా పెట్టుకున్నది దాన్నే. 1990, మొత్తం అల్యూమినియం మోనోకాక్, 2977 సీసీ వి6, టైటానియం కనెక్టింగ్ రాడ్లు, 8000 దాకా తిరిగే ఇంజిన్. చుట్టూ స్పష్టంగా కనిపిస్తుంది, ఏసీ పనిచేస్తుంది, పొద్దున్నే మొదటిసారికే స్టార్ట్ అవుతుంది. సూపర్‌కార్ అంటే ఇంతే, భరించాలి అనుకునే రోజుల్లో భరించక్కర్లేదని చూపించింది. ఆ తర్వాత మిగతా కంపెనీలు కూడా మారక తప్పలేదు.

కొనేవాళ్లు చూడాల్సినవి:

టైమింగ్ బెల్ట్. కిలోమీటర్లు తిరగకపోయినా నాలుగు నుంచి ఆరేళ్లకు మార్చాలి. తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. వాటర్ పంప్, టెన్షనర్, క్యామ్ సీళ్లు అదే విప్పులో మార్చాలి. ఇంజిన్ దించక్కర్లేదు. అదే కాలపు ఫెరారీ 348, టెస్టారోసాల్లో బెల్ట్ కోసం ఇంజిన్ మొత్తం దించాలి.

నీళ్ల పైపులు. రేడియేటర్ ముందు, ఇంజిన్ వెనక. మధ్యలో పైపులు చాలా ఉన్నాయి. ఒకటి పగిలిందని ఒకటే మార్చకండి, అన్నిటి వయసూ ఒకటే. కూలెంట్ నింపాక గాలి తీసే స్క్రూలు కంపెనీ చెప్పిన వరసలోనే తెరవాలి. గాలి బుడగ మిగిలితే గేజ్ మామూలుగానే చూపిస్తుంది, హెడ్ గాస్కెట్ మాత్రం పోతుంది.

స్నాప్ రింగ్. 1991-92 నాటి కొన్ని గేర్‌బాక్సుల్లో కౌంటర్‌షాఫ్ట్ బేరింగ్‌ను పట్టి ఉంచే రింగ్ విరిగి, ముక్కలు గేర్లలో పడతాయి. ఏ నంబర్ల మధ్యవో జాబితా ఉంది. గేర్‌బాక్స్ నంబర్ చూసి సరిచూసుకోవాలి, బాగుచేయించిన బిల్లు అడగాలి.

మెయిన్ రిలే. వేడిలో ఆపి మళ్లీ తిప్పితే స్టార్ట్ కాకుండా, చల్లబడ్డాక అవుతోందంటే రిలే లోపల టంకం పగిలింది. తిరిగి టంకం పెట్టినా చాలు, కొత్తది వేస్తే ఇంకా మంచిది.

ఏసీ కంట్రోల్ బోర్డు. కెపాసిటర్లు కారి బోర్డు తినేస్తాయి. ఫ్యాన్ వేగం దానంతటదే మారడం మొదటి గుర్తు. అప్పుడే కెపాసిటర్లు మారిస్తే బోర్డు దక్కుతుంది.

వెనక టైర్లు తొందరగా అరగడం రోగం కాదు. మొదటి కార్లలో వెనక టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండటం) ఎక్కువగా పెట్టారు, కొలతలు తర్వాత తగ్గించారు.

#14 టర్బో రావు

274 హార్స్‌పవర్‌ను సూపర్‌కార్ అనడానికి నాకు మనసొప్పదు. మిగతాది ఒప్పుకుంటా.

#15 బాక్సర్6

ఎవరూ అడక్కముందే పోర్షే కరెరా జీటీ క్లచ్ సంగతి రాసిపెడతాను, ఎందుకంటే దాని మీద అపోహలు చాలా ఉన్నాయి.

5733 సీసీ వి10, 612 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్, 1270 కార్లు. ఈ ఇంజిన్ మూలం ఫార్ములా 1 కోసం మొదలుపెట్టిన వి10. దాన్ని లె మాన్ ప్రాజెక్టు కోసం పెంచారు, ఆ ప్రాజెక్టు ఆగిపోయాక రోడ్డు కారులోకి వచ్చింది. ఇంజిన్‌ను వీలైనంత కిందికి దించడం దీని పందెం. క్రాంక్ చివర పెద్ద క్లచ్ ఉంటే ఇంజిన్ కిందికి దిగదు. అందుకే 169 మి.మీ. వ్యాసం ఉన్న రెండు పలకల సిరామిక్ క్లచ్ చేశారు. బరువైన ఫ్లైవీల్ లేదు. కాబట్టి కదిలేటప్పుడు ఇంజిన్ టక్కున ఆగిపోతుంది.

కదపాల్సిన తీరు ఇది. మొదటి గేర్ వేయండి. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకండి. క్లచ్‌ను నెమ్మదిగా, ఆగకుండా వదలండి. కంప్యూటర్ ఐడిల్ తనంతట తనే పట్టి ఉంచుతుంది, కారు పాకుతూ కదులుతుంది. క్లచ్ పూర్తిగా వదిలాకే యాక్సిలరేటర్. మామూలు కారులోలా 2000 ఆర్‌పీఎంకు పెంచి క్లచ్ సగంలో పట్టి జారిస్తే సిరామిక్ పలక కాలిపోతుంది. మిట్ట మీద అయితే హ్యాండ్‌బ్రేక్ పట్టుకుని ఇదే పద్ధతి. కొనేముందు క్లచ్ ఎంత మందం మిగిలిందో కొలిపించిన కాగితం చూడకుండా అడుగు ముందుకు వేయకండి. ఒక్కో చక్రాన్ని బిగించే నడిమి నట్లు ఎడమకు ఎరుపు, కుడికి నీలం. అవి తారుమారు కాకూడదు.

2023లో సస్పెన్షన్ విష్‌బోన్ల (చక్రాన్ని పట్టి ఉంచే చేతుల) కీళ్లు తుప్పుతో, ఒత్తిడితో పగలొచ్చని అమెరికాలో కంపెనీయే వెనక్కి పిలిచింది. అంతవరకు నడపవద్దని చెప్పింది. ఆ పని పూర్తయిందో లేదో ఛాసిస్ నంబర్‌తో సరిచూసుకోండి.

#16 పాతటైరు

దీనికి టైర్ల మాట కలపాలి. కరెరా జీటీ ప్రమాదాల్లో పాతబడిన టైర్ల పాత్ర గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇలాంటి కార్లు ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు తిరగవు. పదేళ్ల టైరు మీద గాడి కొత్తదానిలా ఉంటుంది, రబ్బరు మాత్రం గట్టిపడి పట్టు పోయి ఉంటుంది. టైరు పక్క గోడ మీద డీఓటీ అక్షరాల చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగు టైర్లకూ చూడాలి, తేదీ లోపలి వైపు ఉంటే కారు పైకెత్తి మరీ చూడాలి. ఆరేళ్లు దాటితే గాడితో పని లేకుండా మార్చేయడమే.

ఇక వేరాన్. 8 లీటర్ల డబ్ల్యూ16 (పదహారు సిలిండర్లు), నాలుగు టర్బోలు, 1001 హార్స్‌పవర్, 1888 కిలోలు. అందరూ గుర్రాలు లెక్కపెడతారు, నేను రేడియేటర్లు లెక్కపెడతాను. మొత్తం పది: ఇంటర్‌కూలర్లకు మూడు, ఇంజిన్‌కు మూడు, ఏసీకి, ఇంజిన్ ఆయిల్‌కు, గేర్‌బాక్స్ ఆయిల్‌కు, డిఫరెన్షియల్ ఆయిల్‌కు ఒక్కొక్కటి. పెట్రోల్ మండి పుట్టిన శక్తిలో చక్రాలకు చేరేదానికంటే వేడిగా పోయేదే ఎక్కువ. ఆ వేడిని బయటికి పంపడమే వేరాన్ సాధించిన అసలు విజయం.

400 దాటాలంటే రెండో తాళం చెవి తిప్పాలి. కారు కిందికి దిగుతుంది, వెనక రెక్క దాదాపు లోపలికి పోతుంది. ఆ వేగంలో వంద లీటర్ల ట్యాంక్ పన్నెండు నిమిషాల్లో ఖాళీ. టైర్లు పదిహేను నిమిషాలు తట్టుకుంటాయి. అంటే టైరు పోయేలోపు పెట్రోల్ అయిపోతుంది. ఆ టైర్లు మిషెలిన్ పాక్స్ రకం, ముందు 265-680 ఆర్500ఏ, వెనక 365-710 ఆర్540ఏ. మామూలు రిమ్ముకు ఎక్కవు, మామూలు యంత్రంతో ఊడవు. కొనేవాళ్లు ఇంజిన్ కంటే ముందు టైర్ల తేదీ అడగాలి.

#17 కొత్త_చక్రం

నమస్కారం. ఇలాంటి కార్లు ఎక్కువ రోజులు కదపకుండా ఉంచితే ఏం చేయాలి? వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచితే సరిపోతుందా?

#18 ఆయిల్‌స్టిక్

స్వాగతం. అలా మాత్రం చేయకండి, దానికంటే కదపకుండా ఉంచడమే మేలు. ఐదు నిమిషాల్లో ఆయిల్ వేడెక్కదు. మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి సంప్‌లో, సైలెన్సర్లో చేరి నీరై తుప్పు పట్టిస్తుంది. పెట్రోల్ కూడా ఆయిల్‌లో కలుస్తుంది. నడిపితే కనీసం అరగంట, ఆయిల్ 80-90 డిగ్రీలు చేరేదాకా నడపాలి. వీలుకాకపోతే అసలు ముట్టుకోవద్దు.

నెలకు మించి ఉంచేటట్టయితే ముందు ఆయిల్ మార్చండి. వాడిన ఆయిల్‌లోని ఆమ్లాలు బేరింగులను తింటాయి. లోహపు ట్యాంక్ అయితే నిండా నింపి స్టెబిలైజర్ కలిపి, పది నిమిషాలు నడిపి అది ఇంజెక్టర్ల దాకా వెళ్లేలా చూడండి. టైర్లలో మామూలు కంటే 0.5 బార్ ఎక్కువ పెట్టండి, తీసేటప్పుడు తగ్గించడం మర్చిపోవద్దు. హ్యాండ్‌బ్రేక్ వేయకుండా చక్రాలకు అడ్డు పెట్టండి, వేస్తే ప్యాడ్ డిస్కుకు అంటుకుపోతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి. బ్యాటరీకి మెయింటెనెన్స్ ఛార్జర్ తగిలించి ఉంచండి.

#19 కార్బన్‌గూడు

ఆ చివరి మాట హైబ్రిడ్లకు పదింతలు వర్తిస్తుంది. 2013లో వచ్చిన మూడింటిలో పోర్షే 918కి 6.8 కిలోవాట్ అవర్ బ్యాటరీ, మెక్‌లారెన్ పీ1కి 4.7, లాఫెరారీకి 2.3. మొదటి రెండూ ప్లగ్‌తో ఛార్జ్ అవుతాయి. లాఫెరారీకి ఆ వీలు లేదు, ఇంజిన్ నడిస్తేనే దాని హై ఓల్టేజ్ బ్యాటరీ నిండుతుంది. నెలల తరబడి గాలికి వదిలేస్తే సెల్స్ కనీస ఓల్టేజ్ కంటే కిందికి పడిపోతాయి. ఆ తర్వాత కంప్యూటర్ వాటిని మళ్లీ నింపనివ్వదు, ప్యాక్ మార్చాల్సిందే. కొనేముందు ప్యాక్ ఆరోగ్యం రిపోర్టు, సెల్స్ మధ్య ఓల్టేజ్ తేడా అడగండి. ఇంజిన్ కంప్రెషన్ టెస్ట్ ఎంత ముఖ్యమో ఇదీ అంతే.

#20 శారద_వి12

లెక్సస్ ఎల్‌ఎఫ్‌ఏ పేరు కూడా రాసుకోండి. 4.8 లీటర్ల వి10, 500 కార్లు. ఐడిల్ నుంచి 9000కు 0.6 సెకన్లలో వెళ్తుంది. ముల్లు ఉన్న మీటర్ అంత వేగాన్ని అందుకోలేదని తెర మీద గీసిన మీటర్ పెట్టారు. అల్యూమినియంతో మొదలుపెట్టి, మధ్యలో అన్నీ పక్కన పెట్టి కార్బన్‌తో మళ్లీ మొదలుపెట్టారు. అంత ఓపిక ఇంకే కంపెనీ చూపించలేదు. ఒక్క క్లచ్ ఉన్న ఆటోమేటెడ్ గేర్‌బాక్స్ మాత్రం ఇప్పుడు నెమ్మదిగా అనిపిస్తుంది.

#21 గేర్‌లీవర్

మూడు ప్రశ్నలకూ పెట్టి చూస్తే నా వరస: ఎఫ్1, మియూరా, 959. ఎఫ్1 ఆలోచన ఇంకా బతికే ఉంది. అదే గోర్డన్ ముర్రే టీ.50లో మళ్లీ ముగ్గురు మనుషులు, మధ్యలో డ్రైవర్, 12,100 ఆర్‌పీఎం తిరిగే కాస్‌వర్త్ వి12, మాన్యువల్ గేర్లు పెట్టి వెయ్యి కిలోల లోపు తెచ్చాడు.

#22 బాక్సర్6

నేను 959ను మొదట పెడతాను. ఎఫ్1 దారిలో నడిచినవాళ్లు కొద్దిమందే. ఫోర్‌వీల్ డ్రైవ్, ఎలక్ట్రానిక్స్ చేతిలో సస్పెన్షన్, టర్బోలు, టైరు సెన్సార్లు మాత్రం ఇప్పుడు వచ్చే ప్రతి సూపర్‌కార్‌లో ఏదో రూపంలో ఉన్నాయి. 959 కొనడానికి చూస్తుంటే ఈ చిన్న పరీక్ష చేయండి: కారు రాత్రంతా నిలిపి, పొద్దున నాలుగు మూలలా ఎత్తు కొలవండి. ఒక మూల కిందికి జారి ఉంటే అక్కడి హైడ్రాలిక్ సీలు పోయింది. ఆ భాగం దొరుకుతుందో లేదో తేల్చుకున్నాకే ధర మాట్లాడండి.